రంగు నుంచి మాటకు: చూపు లేని ఇంట షుగరు పరీక్ష

ఒంట్లో చక్కెరను కొలవడం చాలాకాలం కంటి పని. మూత్రానికి చీమలు పట్టడం గమనించిన మన ప్రాచీన వైద్యులు మధుమేహాన్ని గుర్తుపట్టారు. 1776లో ఇంగ్లండ్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరేనని తేల్చాడు. ఆ తర్వాతి శతాబ్దిలో రాగి లవణాల పరీక్షలు వచ్చాక తీర్పు రంగుల చేతికి వెళ్లింది. కాలేజీ ల్యాబులో బెనెడిక్ట్ ద్రావణం వేడి చేసినవారికి ఆ వరస గుర్తుండే ఉంటుంది. చక్కెర లేకపోతే నీలం, కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు.

రక్తపరీక్ష కూడా ఇదే దారిలో నడిచింది. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆటో ఫోలిన్, చైనా శాస్త్రవేత్త శ్యెన్ వూ రూపొందించిన పద్ధతిలో నీలం ఎంత చిక్కగా తేలిందో పోల్చి చూసి చక్కెరను లెక్కగట్టేవారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ విభాగంలోనే సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. అక్కడా కొలత నీలం రంగే.

పరీక్ష ఇంటికి వచ్చినా రంగు వదల్లేదు. అమెరికాలోని ఏమ్స్ కంపెనీ 1941లో క్లినిటెస్ట్ మాత్ర, 1956లో మూత్రంలో ముంచే క్లినిస్టిక్స్ పట్టీ తెచ్చింది. 1960ల మధ్యలో వచ్చిన డెక్‌స్ట్రోస్టిక్స్ మీద పెద్ద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, సీసా మీది రంగుల వరసతో సరిచూడాలి. 1970లో అదే కంపెనీ తెచ్చిన తొలి మీటరు ఆ రంగును ముల్లుతో చూపించింది. ముల్లును చూడటానికీ కళ్లే కావాలి.

ఈ ఏర్పాటులో ఒక అన్యాయం ఉంది. షుగరు దెబ్బ తీసే అవయవాల్లో కన్ను ముఖ్యమైనది. కంటి వెనక తెరలోని సన్నని రక్తనాళాలు పాడై రెటినోపతి వస్తుంది. చూపు తగ్గకముందే కొందరికి నీలం, పసుపు ఛాయల తేడా సరిగ్గా తెలియదు. అంటే పట్టీని తప్పుగా చదువుతున్నామన్న సంగతి చదివేవారికే తెలియకపోవచ్చు. పరీక్ష ఎవరికి అత్యవసరమో, చివరికి వారికే అది అందలేదు.

దారి మార్చింది విద్యుత్తు. 1962లో లీలాండ్ క్లార్క్ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన చేశాడు. చక్కెర మీద ఎంజైమ్ పనిచేసినప్పుడు పుట్టే కరెంటును కొలిస్తే రంగుతో పని లేదు. 1987లో ఎక్సాక్‌టెక్ అనే పెన్ను ఆకారపు మీటరు ఈ సూత్రంతో ఇళ్లకు చేరింది. అంకెగా వచ్చిన ఫలితాన్ని గొంతుతో పలికించడం సులువే. అయినా మాట్లాడే మీటర్లలో చాలావరకు ఫలితాన్ని మాత్రమే చెప్పేవి. తేదీ మార్చాలన్నా, పొరపాటు ఏమిటో తెలియాలన్నా పక్కన చూపున్న మనిషి ఉండాల్సిందే. 2008 ప్రాంతంలో వచ్చిన ప్రాడిజీ వాయిస్ ప్రతి మెట్టునూ మాటల్లో చెప్పింది. మీటలు వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉండటం దాని మరో గుణం.

బెంగళూరు హోసూరు రోడ్డు మీది బొమ్మనహళ్ళికి ఈ కథ దూరమైనది కాదు. 2007లో మహానగర పాలికెలో కలిసేదాకా ఇది విడి పురపాలికగా ఉండేది. గార్మెంట్ ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఈ వీధుల్లో కన్నడం పక్కనే తెలుగూ వినిపిస్తుంది. ఇదే రోడ్డులో ఇంకా ముందుకు వెళ్తే బయోకాన్ ఉంది. 2004లో ఇన్సుజెన్ పేరుతో హ్యూమన్ ఇన్సులిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది ఈ సంస్థే. బొమ్మనహళ్ళిని ఆనుకుని ఉన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చూపు లేనివారి కోసం మధు సింఘాల్ 1990లో స్థాపించిన మిత్రజ్యోతి పనిచేస్తోంది. వినే పుస్తకాల గ్రంథాలయం, బ్రెయిలీ ముద్రణ, కంప్యూటర్ శిక్షణ దాని పనులు. పెద్ద వయసులో షుగరు వల్ల చూపు పోయినవారికి బ్రెయిలీ అందడం మాత్రం కష్టం. అదే జబ్బు వేళ్ల కొసల స్పర్శనూ మొద్దుబారుస్తుంది. చెవి వారికి పెద్ద ఆసరా.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని అంచనా వేసింది. వీరిలో చూపు మందగించినవారు ఇంట్లో ఒంటరిగా పరీక్ష చేసుకోవాలంటే ముందు అమరిక కుదరాలి. అంచున్న పళ్లెంలో మీటరు, స్ట్రిప్పుల డబ్బా, సూది పెన్ను రోజూ ఒకే చోట ఉండాలి. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. పండు తిన్న వేలి మీద మిగిలిన తీపి కూడా లెక్కను పెంచేస్తుంది. చేతిని కాసేపు కిందికి వేలాడదీస్తే రక్తం వేళ్లలోకి దిగుతుంది. స్ట్రిప్పును ముందే మీటరులో పెట్టుకుని, వేలి కొస నడుమ కాకుండా పక్కన గుచ్చి, మొదలు నుంచి కొస దాకా మెల్లగా ఒత్తాలి. గుచ్చిన చోటికి గోటి అంచును గుర్తుగా పెట్టుకుంటే స్ట్రిప్పు కొసను అక్కడికి జరపడం అలవాటవుతుంది. ఇప్పటి స్ట్రిప్పులు ఒక మైక్రోలీటరు, ఇంకా తక్కువ రక్తాన్ని కూడా తామే పీల్చుకుంటాయి. మునుపటిలా చుక్కను గురి చూసి వేయనక్కర్లేదు. చాలినంత అందగానే కొన్ని మీటర్లు బీప్‌మంటాయి. మొదట్లో రెండు మూడు స్ట్రిప్పులు వృథా అవుతాయి. వాటి ఖరీదు చిన్న జీతాల ఇంట్లో చిన్న విషయం కాదు. వాడిన సూదిని తడిమి వెతకకుండా వెంటనే మూత ఉన్న గట్టి డబ్బాలో వేయాలి.

మాట్లాడే మీటరు ఇంగ్లీషులో అంకెలు చెబితే, తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవారికి అది సగం సాయమే. మీటరుకు జతయ్యే స్మార్ట్‌ఫోన్, అందులో తెర మీది అక్షరాలను తెలుగులో చదివే గొంతు ఈ లోటును కొంత తీరుస్తున్నాయి. యాప్ తయారుచేసినవారు మీటలకు పేర్లు పెట్టకపోతే ఆ గొంతు ఊరికే "బటన్" అంటుంది, అది ఏ బటనో చెప్పదు. ఈ పేర్లు పెట్టడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు. శ్రద్ధ చాలు.

2020లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్‌ను జబ్బకు అంటించుకుంటే 14 రోజులు పనిచేస్తుంది, రోజూ గుచ్చుకునే బాధ తగ్గుతుంది. అయితే సెన్సర్ చూసేది చర్మం కింది ద్రవంలోని చక్కెరను. రక్తంలో మార్పు అక్కడికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నా చక్కెర బాగానే ఉందని సెన్సర్ చెబితే, వేలిని గుచ్చి చూసుకోవాల్సిందే.