దామెర్ల రామారావు నీటిరంగుల ప్రకృతి చిత్రాలు – శైలీ వికాసం

ఆధునికాంధ్ర చిత్రకళా చరిత్రలో దామెర్ల రామారావు (1897–1925) స్థానాన్ని సాధారణంగా ‘ఋష్యశృంగ బంధనం’, ‘పుష్పాలంకారం’ వంటి మానవాకృతి ప్రధానమైన చిత్రాల ఆధారంగా నిర్ణయిస్తారు. ఆయన శైలీ వికాసం సమగ్రంగా బోధపడాలంటే గోదావరీ తీరాన్ని చిత్రించిన నీటిరంగుల ప్రకృతి చిత్రాలకూ సమాన ప్రాధాన్యం ఇవ్వాలి.

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. కళాపాఠశాలలో చేరారు. ప్రకృతిని ప్రత్యక్షంగా చూసి చిత్రించే ఆంగ్ల సంప్రదాయం కూల్డ్రే ద్వారా, శరీర నిర్మాణ పరిజ్ఞానం బొంబాయిలో, రేఖా లాలిత్యం అజంతా కుడ్యచిత్రాల నుంచి ఆయనకు అలవడ్డాయి.

ఆ దశాబ్దంలోనే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ వంగ శైలిని బోధించారు. కాగితాన్ని పలుమార్లు నీటితో తడిపి రంగులను పరస్పరం లీనం చేసే వాష్ పద్ధతి ఆ శైలికి ముఖ్య లక్షణం. రామారావు మాత్రం నీటిరంగుల్లోనూ ఆకృతి స్పష్టతను విడువలేదు.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ (1839–1906) తన స్వస్థలంలోని సెంట్ విక్త్వార్ పర్వతాన్ని పదేపదే చిత్రించి, పలుచని పూతల నడుమ కాగితపు తెలుపును నిలిపి రూపనిర్మాణాన్ని అన్వేషించారు. సెజాన్‌కు ఆ పర్వతం వలెనే రామారావుకు గోదావరి శైలీ సాధనకు క్షేత్రమైంది.

1923లో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను స్థాపించిన రామారావు 28 ఏళ్లు నిండకముందే మశూచితో మరణించారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ సంస్థను కొనసాగించారు. రాజమహేంద్రవరంలోని దామెర్ల చిత్రశాలలో ప్రకృతి చిత్రాలను మానవాకృతి చిత్రాలతో కలిపి పరిశీలించినప్పుడే ‘ఆంధ్ర శైలి’ అనే భావనకు చారిత్రక నిర్ధారణ లభిస్తుంది.