బుర్రకథలో హాస్యగాడి ప్రశ్న

శేరిలింగంపల్లిలో సురభి కళాకారుల కాలనీ ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామాన ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటకరంగం వారిది. అక్కడికి పది కిలోమీటర్ల లోపే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్. ఈ రెంటి నడుమ కాపురమున్న నాకు, పిల్లలకు తిండి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నాటకమే స్ఫురించడంలో వింత లేదు.

1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో ఘటోత్కచుని విందు చూసి నవ్వని పిల్లలుండరు. కానీ అంతకు పద్నాలుగేళ్ళ ముందు తిండి నవ్వులాట కాదు. 1943 బెంగాలు కరువులో లక్షలాది మంది మరణించారు. ఆ కాలంలోనే ప్రజానాట్యమండలి ఆంధ్రదేశంలో రూపు దాల్చింది. దాని సారథి గరికపాటి రాజారావు వృత్తిరీత్యా వైద్యుడు. ఆ కరువును షేక్ నాజర్ బుర్రకథగా ఊరూరా వినిపించాడు. తిండి ముచ్చట మన బుర్రకథకు కొత్త కాదన్నమాట.

బుర్రకథకు ముగ్గురు. నడుమ తంబురాతో కథకుడు, చెరొక పక్కన గుమ్మెటలతో వంతలు. ఒక వంత హాస్యమాడుతాడు, రెండవ వంత కథను వర్తమానానికి ముడిపెడతాడు.

మొన్నటి గణతంత్ర దినోత్సవానికి మా అపార్టుమెంటు పిల్లలతో చిన్న బుర్రకథ కట్టించాను. విషయం కోసం తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన 17 సూత్రాలను ముందు పెట్టుకున్నాను. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. రాగిసంకటి రాజు, చిప్స్ పొట్లం మంత్రి. పిల్లలు పగలబడి నవ్వారు.

“రోజూ గంటసేపు ఆడవలెను” అని కథకుడు అనగానే, హాస్యగాడి వేషంలోని పిల్లవాడు నేను రాయని మాట అన్నాడు: “ఎక్కడ ఆడమంటావు అన్నయ్యా? కింద కార్లు, పైన పచ్చిక మీద అడుగు పెట్టవద్దని బోర్డు!”

పెద్దలు ముందు నవ్వారు. తరువాత ఎవరూ మాట్లాడలేదు. ఆ బోర్డు పెట్టాలని చేతులెత్తిన వారిలో నేనూ ఒకణ్ణి.

మా అమ్మాయి చిప్స్ మానలేదు. కానీ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పచ్చిక ఇప్పుడు పిల్లలది. ఉపదేశం ఒక్కటే కావాలంటే గోడమీది పటం చాలు. ఎదురు ప్రశ్న వేసే వంత ఉన్నాడు గనుకనే అది బుర్రకథ అయింది.

మీ బడిలో ఇటువంటి ప్రదర్శనలు చూసిన జ్ఞాపకం ఉంటే తెలుపగలరు.