హెచ్.టి.టి.పి. భద్రతా హెడర్లు

హెచ్.టి.టి.పి. భద్రతా హెడర్లు అనగా వెబ్ సర్వరు ఒక పేజీని పంపేటపుడు, ఆ పేజీ విషయంలో ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో బ్రౌజరుకు తెలుపుతూ పేజీ కంటే ముందుగా పంపే సూచనలు. హెడరును తెలుగులో శీర్షిక అని కూడా అంటారు. ఇవి తెరపై కనబడవు. సూచన ఇచ్చేది సర్వరు, దానిని అమలు జరిపేది చదువరి కంప్యూటరులో లేదా ఫోనులో ఉన్న బ్రౌజరు. అందువలన సర్వరులో దాచిన సమాచారానికి వీటివలన నేరుగా రక్షణ కలగదు. ఆ సైటును నమ్మి వచ్చిన వ్యక్తికి కలుగుతుంది. ఖర్చు లేకుండా, కొద్ది వరుసల మార్పుతో అమర్చగలిగినవే అయినా, వీటిలో కొన్నింటిని తొందరపడి పెడితే సైటు నెలల తరబడి తెరుచుకోని పరిస్థితి కూడా రావచ్చు.

నేపథ్యం

సర్వరు పంపే సమాధానంలో మొదటి వరుసలో ఫలితాన్ని తెలిపే సంఖ్య ఉంటుంది (200 అంటే పేజీ దొరికింది, 404 అంటే దొరకలేదు). తరువాత వరుసకు ఒకటి చొప్పున హెడర్లు, ఆపై ఒక ఖాళీ వరుస, చివరగా అసలు పేజీ ఉంటాయి. టిమ్ బెర్నర్స్-లీ 1991లో రూపొందించిన తొలి హెచ్.టి.టి.పి.లో హెడర్లే లేవు. 1996 మే నెలలో ఆర్.ఎఫ్.సి. 1945 పత్రం వర్ణించిన 1.0 రూపంలో ఇవి కనిపిస్తాయి. అప్పటి హెడర్లు పేజీ రకం, పొడవు, చివరిసారి మార్చిన తేదీ వంటి వివరాలకే పరిమితం.

భద్రత కోసం హెడరును వాడిన తొలి ప్రయత్నాలలో ఒకటి 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1లో వచ్చింది. కుకీని పంపే హెడరుకు హెచ్.టి.టి.పి.ఓన్లీ అన్న మాట చేర్చితే, ఆ కుకీని పేజీలోని జావాస్క్రిప్టు చదవలేదు. ఇటువంటి అడ్డు ఎందుకు కావాలో 2005 అక్టోబరులో లోకానికి తెలిసింది. మైస్పేస్ సైటులో ఒక సభ్యుడు తన పరిచయ పేజీలో దాచిన స్క్రిప్టు, చూసినవారందరి పేజీలలోకి పాకి, ఒక్క రోజులోనే పది లక్షలకు పైగా ఖాతాలకు వ్యాపించింది. సైటు పంపిన పేజీ కాబట్టి అందులోని ప్రతి స్క్రిప్టునూ బ్రౌజరు నమ్మింది. ఏది నమ్మదగినదో ఏది కాదో బ్రౌజరుకు చెప్పే మార్గం అప్పటికి లేదు.

స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ

హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో ఒక వ్యాపారి రైతుకు డబ్బు పంపటానికి, దగ్గరలోని ఉచిత వై-ఫైకి ఫోనును కలిపి, బ్యాంకు సైటు పేరు టైపు చేశాడని అనుకుందాం. పేరుకు ముందు హెచ్.టి.టి.పి.ఎస్. అని ఎవరూ టైపు చేయరు. పాత బ్రౌజర్లు మొదటి అభ్యర్థనను రక్షణ లేని మామూలు హెచ్.టి.టి.పి.లోనే పంపేవి, బ్యాంకు సర్వరు దానిని అందుకొని రక్షణ గల చిరునామాకు మళ్ళించేది. ఈ మొదటి అడుగులోనే మోసానికి తావుంది. వై-ఫైని తన చేతిలో పెట్టుకున్నవాడు ఆ మళ్ళింపును వ్యాపారికి చేరనివ్వకుండా, బ్యాంకుతో రక్షిత మార్గంలోనూ వ్యాపారితో బహిరంగ మార్గంలోనూ మాట్లాడుతూ మధ్యలో అన్నీ చదువుకోగలడు. మాక్సీ మార్లిన్‌స్పైక్ 2009లో బ్లాక్ హ్యాట్ సమావేశంలో ఎస్.ఎస్.ఎల్.స్ట్రిప్ అనే పనిముట్టుతో దీనిని ప్రదర్శించి చూపాడు.

దీనికి విరుగుడుగా వచ్చినది స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ హెడరు. 2012 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 6797గా ప్రమాణమైంది. ఇందులో మాక్స్-ఏజ్ అన్న చోట సెకన్ల సంఖ్య ఇస్తారు. 31536000 అని ఇస్తే ఒక సంవత్సరం. అంతకాలం ఆ సైటుకు రక్షణ లేని అభ్యర్థన ఒక్కటి కూడా పంపరాదని బ్రౌజరు గుర్తుపెట్టుకుంటుంది. సైటును దర్శించిన ప్రతిసారీ ఆ గడువు మళ్ళీ మొదలవుతుంది. ఇంకొక ప్రయోజనం కూడా ఉంది: ధ్రువపత్రంలో తేడా కనబడితే, "ఫరవాలేదు, ముందుకు పో" అని నొక్కే వీలును బ్రౌజరు తీసివేస్తుంది. హెచ్చరికలను చదవకుండా నొక్కుకుంటూ పోయే అలవాటు ఉన్నవారికి ఇదే అసలైన మేలు.

ఈ హెడరు రక్షిత మార్గంలో వస్తేనే బ్రౌజరు లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి మొట్టమొదటి దర్శనానికి రక్షణ ఉండదు. ఆ లోటు తీర్చడానికి క్రోమ్ బృందం ఒక ముందస్తు జాబితాను నిర్వహిస్తున్నది. ఇతర ప్రధాన బ్రౌజర్లు కూడా దీనినే ఆధారం చేసుకుంటాయి. జాబితాలో చేరాలంటే గడువు కనీసం ఒక సంవత్సరం ఉండాలి, ఉపడొమెయినులన్నింటికీ వర్తింపజేయాలి, ప్రీలోడ్ అన్న మాటను హెడరులో చేర్చాలి. చేరటం సులభమే. బయటకు రావాలంటే మాత్రం కొత్త బ్రౌజరు వెర్షను అందరికీ చేరేదాకా ఆగాలి. కార్యాలయంలో ఎక్కడో ఒక మూల హెచ్.టి.టి.పి.ఎస్. లేకుండా నడుస్తున్న పాత ఉపడొమెయిను ఉంటే, ఆ రోజు నుండి అది ఎవరికీ తెరుచుకోదు. అందుచేత మొదట 300 సెకన్ల గడువుతో ప్రారంభించి, ఇబ్బంది లేదని తేలిన తరువాత వారానికి, నెలకు, ఆపైన సంవత్సరానికి పెంచుకుంటూ పోవటం మంచి పద్ధతి.

బ్యాంక్.ఇన్ మార్పు

గుడిమల్కాపూర్ నుండి మెహదీపట్నం మీదుగా వెళితే వచ్చే మాసబ్ ట్యాంకులో ఐ.డి.ఆర్.బి.టి. (బ్యాంకింగ్ టెక్నాలజీ అభివృద్ధి, పరిశోధన సంస్థ) ఉన్నది. డబ్ల్యు.ఎస్. సరాఫ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసుపై దీనిని భారతీయ రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పింది. నకిలీ బ్యాంకు సైట్లను అరికట్టే ఉద్దేశంతో భారతీయ బ్యాంకులకు మాత్రమే ప్రత్యేకించిన బ్యాంక్.ఇన్ డొమెయినును రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ పేర్లను నమోదు చేసే ఏకైక సంస్థ ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా కొత్త పేర్లకు మారాలని అదే సంవత్సరం ఏప్రిల్ 22న ఆదేశాలు వెలువడ్డాయి.

భద్రతా హెడర్ల దృష్ట్యా ఇటువంటి మార్పు సున్నితమైనది. బ్రౌజరు జ్ఞాపకం పేరును బట్టి ఉంటుంది. పాత పేరుకు ఏళ్ళ తరబడి పోగైన జ్ఞాపకం కొత్త పేరుకు బదిలీ కాదు. కొత్త పేరుకు వచ్చే ఖాతాదారు ఎంత పాతవాడైనా బ్రౌజరు లెక్కలో కొత్తవాడే. పాత పేరు మామూలు హెచ్.టి.టి.పి. నుండి తిన్నగా కొత్త పేరుకు మళ్ళించటం తరచుగా జరిగే పొరపాటు. అలా చేస్తే పాత పేరు తరఫున హెడరును పంపే అవకాశమే రాదు. ముందు పాత పేరుతోనే హెచ్.టి.టి.పి.ఎస్.కు, అక్కడ హెడరును అందించి కొత్త పేరుకు మళ్ళించటం సరైన వరుస. పాత పేరును వదిలివేయటం మరీ ప్రమాదం. చందా గడువు తీరిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు, జనం పుస్తకాలలోనూ పాత సందేశాలలోనూ ఉన్న లంకెలు అప్పటికీ ఆ పేరుకే దారి తీస్తుంటాయి.

ఫ్రేములలో మోసం

ఒక సైటును ఇంకొక సైటు తన పేజీలో ఫ్రేముగా పొదగవచ్చు. ఆ ఫ్రేమును పూర్తిగా పారదర్శకం చేసి, దాని క్రింద "బహుమతి గెలుచుకోండి" అనే బొత్తాము పెడితే, నొక్కిన నొక్కు కనబడని బ్యాంకు పేజీలోని బొత్తాముపై పడుతుంది. 2008లో రాబర్ట్ హాన్సెన్, జెరెమియా గ్రాస్‌మన్ దీనికి క్లిక్‌జాకింగ్ అని పేరు పెట్టారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడరును ప్రవేశపెట్టింది. డినై అంటే ఎవరూ పొదగరాదు, సేమ్‌ఆరిజిన్ అంటే సొంత సైటు మాత్రమే పొదగవచ్చు. ఎంపిక చేసిన బయటి సైట్లను అనుమతించాలంటే క్రింద చెప్పబోయే విధానంలోని ఫ్రేమ్-యాన్సెస్టర్స్ నియమాన్ని వాడాలి. దీనిని పేజీలోని మెటా ట్యాగులో వ్రాస్తే పనిచేయదు, హెడరుగానే పంపాలి.

కంటెంట్-సెక్యూరిటీ-పాలసీ

వీటన్నింటిలో శక్తివంతమైనదీ, అమర్చటం కష్టమైనదీ ఇదే. స్క్రిప్టులు, బొమ్మలు, అక్షరరూపాలు ఎక్కడినుండి తెచ్చుకోవచ్చో, పేజీ ఎవరికి సమాచారం పంపవచ్చో ఇందులో వివరిస్తారు. మొజిల్లా ఆలోచనగా మొదలై, 2011లో ఫైర్‌ఫాక్స్ 4లో వేరొక పేరుతో కనబడింది. రెండవ స్థాయిని డబ్ల్యు3సి 2016 డిసెంబరులో సిఫారసుగా వెలువరించింది.

2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటుపై జరిగిన దాడి దీని అవసరాన్నీ పరిమితినీ కూడా చూపుతుంది. దుండగులు ఆ సైటు సొంత స్క్రిప్టు ఫైలులోనే 22 వరుసలు చేర్చి, ప్రయాణికులు టైపు చేసిన కార్డు వివరాలను బిఎవేస్ అనే పోలిక గల మరొక చిరునామాకు పంపుకున్నారు. 4 లక్షలకు పైగా వినియోగదారుల సమాచారం బయటపడింది; బ్రిటన్ సమాచార కమిషనర్ 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా విధించారు. "సొంత సైటు స్క్రిప్టులు మాత్రమే నడవాలి" అన్న నియమం ఒక్కటే ఉంటే ఈ దాడి ఆగేది కాదు, ఎందుకంటే పాడైనది సొంత స్క్రిప్టే. పేజీ ఏయే చిరునామాలకు సమాచారం పంపవచ్చో నిర్ణయించే కనెక్ట్-ఎస్‌ఆర్‌సి వంటి నియమాలు ఉంటేనే అటువంటి పంపకానికి అడ్డు పడుతుంది.

పాలసీ ఉన్నంత మాత్రాన ప్రయోజనం ఉన్నట్లు కాదు. గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం, స్క్రిప్టులను అదుపు చేయబూనిన పాలసీలలో 94.68 శాతం నిష్ఫలం. పేజీలోనే వ్రాసిన స్క్రిప్టులను నడవనిచ్చే అన్‌సేఫ్-ఇన్‌లైన్ అన్న మాటను సౌకర్యం కోసం చేర్చటం, ఎవరైనా ఫైళ్ళు పెట్టగలిగే పెద్ద సైట్లను మొత్తంగా అనుమతించటం ఇందుకు ముఖ్య కారణాలు. తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికి తగిలించినట్లు ఉంటుంది ఇది. దీనికి బదులు, ప్రతి సమాధానానికీ సర్వరు ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను (నాన్స్) పుట్టించి, ఆ సంఖ్య ఉన్న స్క్రిప్టును మాత్రమే నడవనివ్వాలని ఆ పరిశోధకులు సూచించారు. మొదట రిపోర్ట్-ఓన్లీ రూపంలో పెడితే బ్రౌజరు దేనినీ ఆపకుండా, ఆపవలసి వచ్చేవాటి వివరాలను మాత్రం పంపుతుంది. పాత సైట్లలో ఈ నివేదికలను కొన్ని వారాలు చదవక తప్పదు.

ఇతర హెడర్లు

ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్‌కు నోస్నిఫ్ అన్న ఒకే విలువ ఉంది. ఫైలు రకాన్ని బ్రౌజరు సొంతంగా ఊహించకుండా ఇది ఆపుతుంది. లేకపోతే బొమ్మ పేరుతో ఎక్కించిన ఫైలు స్క్రిప్టుగా నడిచే ప్రమాదం ఉంది. రెఫరర్-పాలసీ, లంకె నొక్కినపుడు ముందు చూసిన పేజీ చిరునామా ఎంతవరకు బయటకు పోవాలో నిర్ణయిస్తుంది. పర్మిషన్స్-పాలసీ (2020 వరకు దీని పేరు ఫీచర్-పాలసీ) కెమెరా, మైకు, స్థాన సమాచారం వంటివాటిని అదుపు చేస్తుంది. కుకీలకు హెచ్.టి.టి.పి.ఓన్లీతో పాటు సెక్యూర్, సేమ్‌సైట్ అన్న గుర్తులు కూడా చేర్చాలి. సర్వరు పేరును, వెర్షను సంఖ్యను చాటే హెడర్లను తీసివేయటం మంచిదే గాని, అదే భద్రత అనుకోరాదు.

సర్వరులో అమర్చటం

అపాచీ సర్వరులో మాడ్_హెడర్స్ అనే భాగం ద్వారా, హెడర్ ఆల్వేస్ సెట్ అన్న ఆదేశంతో వీటిని చేరుస్తారు. అద్దె సర్వర్లలో నడిచే చిన్న సైట్లవారు, సర్వరు అనుమతిస్తే, ఇదే ఆదేశాన్ని హెచ్.టి.యాక్సెస్ ఫైలులో వ్రాయవచ్చు. ఎంజిన్‌ఎక్స్‌లో యాడ్_హెడర్ అన్న ఆదేశం ఉంది. (ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన ఈ పేర్లన్నింటినీ ఫైళ్ళలో రోమను లిపిలోనే వ్రాయాలి.) రెండింటిలోనూ ఆల్వేస్ అన్న మాట మరచిపోతే 404, 500 వంటి దోష పేజీలకు హెడర్లు చేరవు.

ఎంజిన్‌ఎక్స్‌లో అనుభవజ్ఞులను సైతం మోసం చేసే తీరు ఒకటి ఉన్నది. పై స్థాయిలో వ్రాసిన హెడర్లు లోపలి విభాగాలకు అప్రమేయంగా సంక్రమిస్తాయి. అయితే లోపలి విభాగంలో ఒక్క యాడ్_హెడర్ వ్రాసినా పైనుండి రావలసినవన్నీ ఆగిపోతాయి. బొమ్మల నిల్వ కాలం కోసం ఎవరో చేర్చిన ఒక వరుస, ఆ విభాగానికి భద్రతా హెడర్లన్నింటినీ లేకుండా చేస్తుంది. సైటు మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. అందువలన మొదటి పేజీని మాత్రమే కాక లాగిన్ పేజీని, దోష పేజీని, ఒక బొమ్మను కూడా విడిగా పరీక్షించాలి. కర్ల్ ఆదేశంతో గాని, బ్రౌజరులో ఎఫ్12 నొక్కితే వచ్చే నెట్‌వర్క్ విభాగంలో గాని హెడర్లను చూడవచ్చు. మార్కులు వేసే సైట్లు కూడా ఉన్నాయి. డొల్ల పాలసీకి కూడా వాటిలో మంచి మార్కులు రావచ్చునని గుర్తుంచుకోవాలి.

వాడుక తప్పినవి

2015లో ఆర్.ఎఫ్.సి. 7469గా వచ్చిన పబ్లిక్-కీ-పిన్స్ హెడరు, సైటు ఏ తాళపుచెవులను వాడుతుందో బ్రౌజరుకు ముందే చెప్పేది. ఆ తాళపుచెవులు పోతే సొంతదారే తన సైటునుండి వెలి అయ్యేవాడు. క్రోమ్ దీనిని 2019లో తొలగించింది. ఎక్స్-ఎక్స్.ఎస్.ఎస్.-ప్రొటెక్షన్ నడిపించే వడపోతను కూడా అదే సంవత్సరం తొలగించింది. ఆ వడపోతే కొత్త దాడులకు దారి ఇస్తున్నదని తేలింది. పాత పాఠాలను చూసి ఈ రెండింటినీ ఇంకా అమర్చేవారు ఉన్నారు.

పరిమితులు

2022 జనవరిలో హైదరాబాదులోని ఎ.పి. మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకునుండి సుమారు 12 కోట్ల రూపాయలు దుండగుల ఖాతాలకు తరలిపోయాయి. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన నకిలీ ఈ-మెయిళ్ళ ద్వారా వారు లోపలి కంప్యూటర్లలోకి చొరబడినట్లు పోలీసు దర్యాప్తులో తేలింది. అటువంటి దాడిలో ఖాతాదారు బ్రౌజరుకు పాత్ర లేదు గనుక, బ్యాంకు సైటులో ఎన్ని హెడర్లు ఉన్నా ఆపలేవు. అలాగే వినియోగదారు నకిలీ చిరునామాకే వెళ్ళినపుడు, అక్కడి హెడర్లను పంపేది మోసగాడి సర్వరే.