పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (1803 సెప్టెంబరు 5 - 1890 ఆగస్టు 24) తొలితరం తెలుగు క్రైస్తవ కవి, కీర్తనకారుడు, మత బోధకుడు. పల్లవి, చరణాలతో, రాగ తాళ నిర్దేశంతో కర్ణాటక సంగీత పద్ధతిలో క్రైస్తవ కీర్తనలు రచించి తెలుగు సంఘాల ఆరాధనకు దేశీయ రూపాన్ని కల్పించాడు. ఇతని కీర్తనలను ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని చర్చిలలో నేటికీ పాడుతున్నారు. పాట నిలిచినంతగా రచయిత పేరు మాత్రం ప్రచారంలో నిలువలేదు.

నేపథ్యం

తెలుగు ప్రాంతంలో ప్రొటెస్టెంటు మిషనరీల పని 1805లో విశాఖపట్నంలో మొదలైంది. ఆధునిక నౌకాశ్రయం (1933), ఉక్కు కర్మాగారం రాకముందు ఈ పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా కేంద్రం. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడ నివసించి, ఆనందరాయర్ అనే పండితుని సాయంతో బైబిలు అనువాదం ప్రారంభించారు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి తరువాత 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులో వెలువడింది.

ఈ విధంగా చదువుకోవడానికి తెలుగు గ్రంథం లభించింది. కాని పాడుకోవడానికి తెలుగు నుడికారానికి, తెలుగు చెవికి తగిన పాటలు కావలసి ఉండినవి. పాశ్చాత్య బాణీకి అనువదించిన గీతంలో అక్షరాలను బాణీ కొలతకు సరిపెట్టవలసి వస్తుంది. అప్పుడు గురు లఘువుల తీరు దెబ్బతిని, హ్రస్వం దీర్ఘంగాను, దీర్ఘం హ్రస్వంగాను వినిపిస్తుంది. ఈ లోటును తీర్చిన తొలి కవులలో పురుషోత్తమ చౌదరి ముఖ్యుడు.

జీవిత విశేషాలు

పురుషోత్తమ చౌదరి అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశం నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. ప్రస్తుతం అది ఒడిషాలోని గజపతి జిల్లా కేంద్రం. తెలుగు, ఒడియా భాషలు కలిసే ఆ సరిహద్దు సీమలో పెరిగిన ఇతడు తెలుగును తన కవితా భాషగా గ్రహించాడు.

మిషనరీలు పంచిన తెలుగు కరపత్రాల ద్వారా ఇతనికి క్రైస్తవ మతంతో పరిచయం కలిగింది. ఆ విషయాలు మరింతగా తెలుసుకొనడానికి విశాఖపట్నంలోని మిషనరీలను కలుసుకున్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ కాలంలో బ్రాహ్మణుడు మతం మారడమంటే కులం నుండి, బంధువుల నుండి వెలి కావడమే. ఆ తరువాత ఐదు దశాబ్దాలకు పైగా జీవించి, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో బోధకునిగా పనిచేశాడు.

రచనలు

చౌదరి పద్యం, గద్యం, కీర్తన మూడింటిలోను రచనలు చేశాడు. వాటిలో కొన్ని:

* యేసునాయక శతకము
* నిస్తార రత్నాకరము
* కులాచార పరీక్ష
* నూటికి పైగా కీర్తనలు

తెలుగు పాఠకులకు సుమతీ శతకం, వేమన శతకం వంటివాటి ద్వారా చిరపరిచితమైన శతక ప్రక్రియను కొత్త విషయానికి వినియోగించడం యేసునాయక శతకములోని విశేషం. కులాచార పరీక్ష కులవ్యవస్థను విమర్శించే రచన.

కీర్తనల స్వరూపం

చౌదరి జీవితకాలంలో మొదటి సగం త్యాగరాజు (1767 - 1847) జీవించి ఉన్న కాలం. భక్తుడు తన అల్పత్వాన్ని చెప్పుకొని, దైవాన్ని పేరుపెట్టి పిలిచి, శరణు వేడే ధోరణి తెలుగు కీర్తనకు అప్పటికే స్థిరపడింది. చౌదరి ఆ ధోరణినే స్వీకరించి క్రీస్తును సంబోధించాడు. కృప, శరణు, ముక్తి వంటి పాత భక్తి సాహిత్యపు పదాలు ఇతని కీర్తనలలో క్రైస్తవ అర్థంలో ప్రయోగింపబడ్డాయి. ఈ అంశాన్ని ఆర్.ఆర్. సుందరరావు 1983లో ప్రచురితమైన 'భక్తి థియాలజీ ఇన్ ది తెలుగు హిమ్నల్' అనే ఆంగ్ల గ్రంథంలో పరిశీలించాడు.

ఇటువంటి కృషి పొరుగు భాషలలోను జరిగింది. తంజావూరులో వేదనాయగం శాస్త్రి (1774 - 1864) తమిళంలోను, తరువాతి కాలంలో నారాయణ వామన్ తిలక్ (1861 - 1919) మరాఠీలోను క్రైస్తవ గేయాలు రచించారు.

కులము, సంగీతము

చౌదరి కీర్తనలను తరతరాలుగా పాడి నిలబెట్టినవారిలో అధిక సంఖ్యాకులు ఇతని వంటి కుటుంబాల నుండి వచ్చినవారు కారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మాల, మాదిగ కులాలవారు పెద్ద సంఖ్యలో క్రైస్తవ సంఘాలలో చేరారు. 1876 - 78 నాటి కరవు తరువాత ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దేవాలయ ప్రవేశం గాని, శాస్త్రీయ సంగీత శిక్షణ గాని లభించని ఈ ప్రజలకు రాగ తాళాల కీర్తన చర్చి ద్వారా చేరింది.

చదువు రానివారికి ఉపదేశి ఒక్కొక్క పాదమే పాడి నేర్పేవాడు. సంఘం దానిని తిరిగి పాడేది. పల్లవి మాటిమాటికి వచ్చే కీర్తన నిర్మాణం ఈ పద్ధతికి అనుకూలించింది. నోటి నుండి నోటికి సాగడంలో అనేక కీర్తనల బాణీలు మారాయి. పుస్తకంలో ఒక రాగం పేరు ఉండగా, ఊరి సంఘం డోలక్కు, తాళాలతో జానపద వరసలో పాడుకోవడం కద్దు. కుల విమర్శ చేసిన కవి పాటను, కులం కారణంగా సంగీతానికి దూరమైనవారే తమ సొత్తు చేసుకున్నారు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు

వివిధ ప్రొటెస్టెంటు సంఘాలు ఉమ్మడిగా వాడే పాటల పుస్తకం పేరు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘము మొదలైనవాటిలో ఇది ఆరాధనకు ఆధారం. పుస్తకంలో చౌదరి కీర్తనలు అనేకం చోటుచేసుకున్నాయి. రాగం, తాళంతోపాటు రచయిత పేరును కీర్తన శీర్షికలో సూచిస్తారు. అయితే పాటను సంఖ్యతోను, మొదటి మాటలతోను గుర్తించడమే వాడుక కావడంతో ఆ పేరు చదివేవారు తక్కువ.

ఇతర కీర్తనకారులు

పులిపాక జగన్నాథం: విశాఖపట్నంలో 1847లో క్రైస్తవుడైన బ్రాహ్మణ యువకుడు. తరువాత పాస్టరుగా పనిచేశాడు. 1840లో విశాఖపట్నం వచ్చి దీర్ఘకాలం అక్కడ పనిచేసిన జాన్ హేకు బైబిలు అనువాదంలో సహకరించాడు. కీర్తనలు కూడా రచించాడు.

ముంగమూరి దేవదాసు: 1938లో బైబిలు మిషన్ స్థాపించాడు. ఇతని కీర్తనలు ఆ సంఘానికి వెలుపల కూడా ప్రచారంలో ఉన్నాయి.

ఎ.బి. మాసిలామణి (1914 - 1990): బాప్టిస్టు పాస్టరు, వక్త. జీవితాన్ని నావగాను, క్రీస్తును దానిని నడిపేవానిగాను భావించి రచించిన పాట వలన ప్రసిద్ధుడు.

ప్రాముఖ్యత

తెలుగులో క్రైస్తవ సాహిత్యం పేరు చెప్పగానే పాఠకులకు గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' స్ఫురిస్తుంది. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. జాషువాకు సుమారు ఒక శతాబ్దం ముందే చౌదరి శతకాన్ని, కీర్తనను ఇదే విషయానికి వినియోగించాడు. 19వ శతాబ్దపు తెలుగు భాషను, భక్తి సాహిత్యాన్ని, కుల చరిత్రను అధ్యయనం చేసేవారికి ఇతని కీర్తనలు, కులాచార పరీక్ష కలిపి చదువదగిన ఆధారాలు.