పేరు, లిపి, శోధన: ఉత్తరాంధ్ర చేతివృత్తుల అంతర్జాల ఉనికి – ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: శ్రీకాకుళం, విజయనగరం, పొందూరు ఖాదీ, బొబ్బిలి వీణ, సెర్చ్ ఇంజన్, లిప్యంతరీకరణ, యూనికోడ్

ఉపోద్ఘాతం

పొందూరు ఖాదీ, బొబ్బిలి వీణ, బుడితి కంచు పాత్రలు, పలాస జీడిపప్పు – శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఈ ఉత్పత్తులన్నింటికీ ఊరిపేరే వాణిజ్యనామం. వస్తువు ఖ్యాతి ఎంత పాతదైనా, దూరప్రాంతపు కొనుగోలుదారు నేడు ఆ పేరును మొదట అడిగేది సెర్చ్ ఇంజన్‌నే. అక్కడ ఊరిపేరును ఏ లిపిలో, ఏ వర్ణక్రమంతో రాస్తే ఏది దొరుకుతుంది, ముందుగా ఎవరి పుట కనిపిస్తుంది అన్నవి ఈ ప్రాంతం వరకు కేవలం సాంకేతిక ప్రశ్నలు కావు. వాటి వెనుక వలసపాలన నాటి దస్తావేజులు, ముద్రణాలయాల అక్షరాలు, జిల్లాల పునర్విభజన ఉన్నాయి. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు శోధనలో కనబడడానికి పాటించవలసిన ప్రాథమిక సూత్రాలను ఈ చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

శోధన యంత్రాల పూర్వరంగం

1990లో వచ్చిన ‘ఆర్చీ’ ఫైళ్ల పేర్లను మాత్రమే వెతికేది. 1994లో మొదలైన యాహూ, మనుషులు వర్గీకరించిన సూచిక. 1995 డిసెంబరులో వెలువడిన ఆల్టావిస్టా పుటలోని పూర్తిపాఠాన్ని వెతకగలిగింది. పుట దేని గురించినదో చెప్పే పదాలను దాని యజమానే కంటికి కనిపించని ఒక పట్టీలో రాసుకునే పద్ధతి ఈ కాలంలో వ్యాపించింది. పరిశోధన పత్రం మొదట్లో వ్యాసకర్త ఇచ్చే కీలకపదాల వంటివే ఇవి. అయితే పత్రానికి సమీక్షకుడు ఉంటాడు, వెబ్ పుటకు ఉండడు. దానితో సంబంధం లేని పదాలను గుప్పించడం మామూలైపోయింది. ఈ పట్టీని తన ర్యాంకింగులో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగా ప్రకటించింది.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించిన ‘పేజ్‌ర్యాంక్’ పద్ధతికి విద్యారంగంలోని ఉల్లేఖనల గణనే మాతృక. ఎక్కువమంది ఉటంకించిన పత్రానికి విలువ ఎక్కువైనట్టే, ఎక్కువ పుటలు లింకు ఇచ్చిన పుటకు, అందులోనూ ముఖ్యమైన పుటలు లింకు ఇచ్చిన పుటకు, ప్రాధాన్యం పెరుగుతుంది. ఈ ఏర్పాటు సంస్థలకూ పత్రికలకూ సహజంగానే అనుకూలించింది. ఒక గ్రామంలోని వీణల కార్ఖానాకు లింకు ఇచ్చేవారెవరు? వికీపీడియా వ్యాసంలో ప్రస్తావన లభించినా, 2007 జనవరి నుంచి ఆ విజ్ఞానసర్వస్వం తన బయటి లింకులకు ‘లెక్కించవద్దు’ అనే గుర్తు తగిలిస్తోంది. లింకులను కొని పెంచుకునే వ్యాపారం ఒకటి ఆ పక్కనే పుట్టింది. 2011 నాటి ‘పాండా’, 2012 నాటి ‘పెంగ్విన్’ సవరణలు వరుసగా పసలేని పాఠాన్నీ, కృత్రిమ లింకులనూ దెబ్బతీశాయి.

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. మరుసటి ఏడాదే ఇండియామార్ట్, జస్ట్‌డయల్ వచ్చాయి. చిన్న వ్యాపారి సొంత వెబ్‌సైటు కంటే ముందు ఇటువంటి జాబితాలలోకి ప్రవేశించడం దేశమంతటా సాధారణమే. జాబితాలో వ్యాపారి ఒక పంక్తి మాత్రమే. అతని వృత్తికథకు అందులో చోటు ఉండదు.

రోమన్ లిపిలో ఊరిపేర్లు

ఆంగ్లేయుల దస్తావేజులలో శ్రీకాకుళం ‘చికాకోల్’. సన్ననూలు మస్లిన్లకు ఆ పట్టణం పొందిన ఖ్యాతి అంతా ఆ పేరు మీదనే నమోదైంది. అప్పటి గంజాం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతపు వివరాలు 1882 నాటి మాల్ట్‌బీ మాన్యువల్‌లో కనబడతాయి. అందువల్ల ‘శ్రీకాకుళం’ అని వెతికేవారికి పట్టణపు వస్త్రచరిత్రలో పెద్దభాగం అందదు. మరొక చిక్కు, కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు ఆలయమున్న గ్రామం పేరు కూడా శ్రీకాకుళమే. జిల్లా పట్టణానికి వచ్చే రైలు ప్రయాణికుడు దిగే ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. వ్యాపారి తన పుటలో ఈ రెండు పేర్లనూ ఒకే వాక్యంలో రాయడం వృథా పదప్రయోగం కాదు, బయటివాడికి దారి చెప్పడం.

విజయనగరం విషయం మరింత విచిత్రం. తెలుగు లిపిలో ఈ పట్టణానికీ, హంపీ రాజధానిగా వెలసిన సామ్రాజ్య నగరానికీ పేరులో తేడా లేదు. రోమన్ లిపిలో మాత్రం పూసపాటివారి విజయనగరాన్ని ‘జెడ్’ అక్షరంతో రాస్తారు, హంపీ విజయనగరాన్ని ‘జె’ అక్షరంతో. వలసపాలన నాటి రాతలో స్థిరపడిన ఈ భేదం ఇప్పుడు వ్యాపారికి లాభిస్తోంది. తెలుగులో వెతికినప్పుడు కృష్ణదేవరాయల మధ్య చిక్కుకునే పట్టణం, ఇంగ్లీషులో వెతికితే వేరుగా తేలుతుంది. కానీ ఆ రోమన్ రూపమూ ఒక్కటి కాదు. ‘గ’ తరువాత అకారం లేని పాత వర్ణక్రమం 1936లో ఇంగ్లండు పర్యటనకు భారత క్రికెట్ జట్టు నాయకుడిగా వెళ్లిన ‘విజ్జీ’ పేరుకు అంటిపెట్టుకొని ఉంది. ఆ రూపంతో వెతికితే పట్టణం కంటే క్రికెట్ ముందు రావడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు పుట రాసేవారు ‘విజయనగరం జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని పూర్తిగా రాయవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడింది.

బొబ్బిలి పోటీ పడవలసింది మరో ఊరితో కాదు, సొంత చరిత్రతోనే. 1757 యుద్ధం, ఆ యుద్ధంపై 1964లో వచ్చిన చలనచిత్రం, ఆ ఊరిపేరును శీర్షికలో ధరించిన 1982, 1990 నాటి చిత్రాలు – వీటన్నిటి తరువాతనే వీణకు వంతు. ఒంటరి పదంతో గెలవడం అసాధ్యం. ‘పనసకర్రతో చేసిన ఏకాండి బొబ్బిలి వీణ’ వంటి పొడవైన పదబంధంతో వెతికేవారు తక్కువమందే అయినా, వారు వీణ కొనదలచినవారు. చిన్న వ్యాపారానికి పొడవైన పదబంధాలే మేలన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

ప్రజల నోట ఉన్న మాట రాయాలా, గ్రంథస్థమైన మాట రాయాలా అన్న వివాదం ఇక్కడ కొత్తది కాదు. గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో. గురజాడ అప్పారావు జీవితం ప్రధానంగా విజయనగరంతో ముడిపడింది. వారి పోరాటం విద్య కోసం, సాహిత్యం కోసం, వ్యాపారం కోసం కాదు. పోలికను అంతకుమించి లాగరాదు. అయినా ‘ఖద్దరు’ అని వెతికే వ్యక్తికి ‘ఖాదీ వస్త్ర ఉత్పాదనలు’ అని మాత్రమే రాసుకున్న పుట అందకపోవచ్చునన్నది వాస్తవమే. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవారినీ లెక్కలోకి తీసుకోవాలి.

కనబడే తెలుగు, చదవబడని తెలుగు

1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు లభించింది. ఆచరణలో అది రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. అప్పటివరకు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడాయి. తెరపై తెలుగు కనిపించినా, లోపల ఉన్నవి రోమన్ సంకేతాలే. సెర్చ్ ఇంజన్‌కు అవి అర్థంలేని అక్షరాల గుంపు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో రాసిన తెలుగు పాఠం విస్తృతంగా పోగుపడడానికి తోడ్పడింది.

చిన్న వ్యాపారాల విషయంలో ఆ పాత యుగం పూర్తిగా ముగియలేదు. పట్టణంలోని డీటీపీ దుకాణాలలో కరపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లలో కూర్చబడుతున్నాయి. ఆ కరపత్రాన్నే బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వెబ్‌సైటులో పెడితే మనిషి చదువుతాడు, యంత్రం చదవలేదు. ధరలు, చిరునామా, వస్తువుల పేర్లు యూనికోడ్ పాఠంగా ఉండడం, ప్రతి బొమ్మకూ ఒక వాక్యం వివరణ ఇవ్వడం, ప్రతి పుటకూ దాని విషయాన్ని చెప్పే శీర్షిక పెట్టడం – ఖర్చులేని ఈ మూడు పనులు లింకుల కొనుగోలు కంటే ఎక్కువ ఫలితమిస్తాయి. 2015 ఏప్రిల్ నుంచి ఫోనులో సరిగా తెరుచుకునే పుటలకు మొబైల్ శోధనలో ప్రాధాన్యం లభిస్తున్నందున, పెద్దపెద్ద ఫొటోలతో బరువెక్కిన పుట కూడా నష్టమే.

పేరుకు హక్కు, పుటకు స్థానం

1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. బొబ్బిలి వీణ, బుడితి కంచు–ఇత్తడి కళ ఆ గుర్తింపు పొందాయి. ‘ఖాదీ’ అన్న మాటకు 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల రక్షణ ఉంది. చట్టం పేరును దుర్వినియోగం నుంచి కాపాడుతుంది. శోధన ఫలితాలలో మొదటి వరుసను మాత్రం ఇప్పించలేదు. పొందూరు పేరు వెతికినవారికి, ఆ ఊరితో సంబంధం లేని మరమగ్గం వస్త్రాన్ని అదే పేరుతో చూపే పుట ముందుగా ఎదురైతే, నష్టపోయేది కదురు ముందు కూర్చున్న స్త్రీ. ఆమె కూలికి ఆధారం ఆ పేరే.

ఇక్కడ వడికేవారికి ఒక బలం ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రపరచి, ఏకులు చేసి, ఒంటికదురు రాట్నంపై నూరవ నంబరు దాటిన సన్ననూలు తీసే క్రమాన్ని స్వయంగా చేసినవారే వివరంగా రాయగలరు, ఫొటోలతో చూపగలరు. గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాలలో ప్రత్యక్షానుభవాన్ని ఒక ప్రమాణంగా చేర్చింది 2022 డిసెంబరులో. ఈ ప్రక్రియను వివరించే పుటకు పత్రికలు, విశ్వవిద్యాలయ శాఖలు, సిద్ధాంతగ్రంథాలు లింకు ఇవ్వడం సహజం. జిల్లా చేతివృత్తులపై రాసే పరిశోధకులు ఉత్పత్తిదారుల సంఘాల వెబ్‌సైట్లను ఉల్లేఖించకుండా మధ్యవర్తి దుకాణాల పుటలను ఉల్లేఖించడం ఈ దృష్టితో చూస్తే చిన్న పొరపాటు కాదు.

2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో పాలకొండ శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యానికి, రాజాం విజయనగరానికి మారాయి. పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్నది స్థానిక శోధనలో మొదటి నియమం. జిల్లా మారిన ఊళ్లలోని దుకాణానికి వెబ్‌సైటులో ఒక జిల్లా, పటంలో మరొక జిల్లా, పాత జాబితాలో ఇంకొకటి ఉంటే, అది ఒకే దుకాణమని యంత్రానికి నమ్మకం కుదరదు. వాటిని సరిదిద్దడానికి పట్టేది ఒక పూట పని.