హెడరు చెప్పేది, చెప్పనిది: బైండింగుల తయారీలో తెలుగు లిపి సాక్ష్యం

సీ భాషలో ఉన్న లైబ్రరీని పైథాన్, జావా, రస్ట్ వంటి భాషల నుంచి పిలవాలంటే మధ్యలో బైండింగు కావాలి. డేవిడ్ బీజ్లీ 1996లో విడుదల చేసిన స్విగ్ అనే పరికరం నాటి నుంచీ లైబ్రరీ హెడర్ ఫైళ్లను యంత్రంతో చదివించి ఆ బైండింగును పుట్టిస్తున్నారు. హెడరును ఎంత నిర్దుష్టంగా పార్స్ చేసినా చేతికొచ్చేది సగం ఒప్పందమేనని ఈ వ్యాసం వాదన. ఆ లోటు ఇంగ్లీషు పాఠంలో దాగిపోతుంది, తెలుగు పాఠంలో బయటపడుతుంది.

ముందు యంత్రం బాగా చేసే పని చూద్దాం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో తెలుగు అక్షరాలకు రూపం కట్టేది హార్ఫ్‌బజ్ లైబ్రరీ. దాని హెడరులో తెలుగు లిపిని సూచించే స్థిరాంకం నేరుగా అంకెగా ఉండదు. నాలుగు రోమన్ అక్షరాలను ఒక మాక్రో 32 బిట్లలో పేరిస్తే వచ్చే విలువ అది: 1415933045. పైపైన వరసలు పోల్చుకునే పార్సరుకు ఇది అందదు. మాక్రోలను విప్పి లెక్కకట్టే అసలు కంపైలరే కావాలి. రస్ట్‌కు బైండింగులు పుట్టించే బైండ్‌జెన్, జావాకు పుట్టించే జెఎక్స్‌ట్రాక్ట్ రెండూ క్లాంగ్ కంపైలరు లైబ్రరీ అయిన లిబ్‌క్లాంగ్ మీద ఆధారపడ్డాయి. స్ట్రక్చరులో ఏ సభ్యం ఏ బైటు దగ్గర మొదలవుతుందో చెప్పడంలోనూ మనిషి లెక్కకంటే కంపైలరు లెక్కే నమ్మదగ్గది.

హార్ఫ్‌బజ్‌లో యూటీఎఫ్-8 పాఠాన్ని బఫరులో చేర్చే ఫంక్షను దగ్గరికొస్తే సంగతి మారుతుంది. అది పాఠానికి ఒక పాయింటరు, పొడవుకు ఒక పూర్ణాంకం అడుగుతుంది. ఆ పొడవు బైట్లలోనా, అక్షరాల్లోనా? టైపు చెప్పదు. 2015లో రాజమండ్రికి అధికారికంగా తిరిగొచ్చిన ‘రాజమహేంద్రవరం’ అనే పేరునే తీసుకుందాం. యూనికోడ్‌లో అది 13 సంకేతాలు. ఒక్కొక్కటి 3 బైట్లు కనుక మొత్తం 39. పైథాన్‌ని గాని, జావాని గాని ఈ పదం పొడవెంతని అడిగితే 13 అంటుంది. బైండింగు ఆ 13నే అందిస్తే లైబ్రరీ 13 బైట్లే చదువుతుంది: ‘రాజమ’ వరకు నాలుగు సంకేతాలు, ‘హ’లో మూడో వంతు. ప్రోగ్రాము ఆగదు, టైపు తప్పూ రాదు. ఊరి పేరు మాత్రం తెగిపోతుంది. అదే పేరు రోమన్ లిపిలో 17 అక్షరాలు, 17 బైట్లే కనుక పరీక్ష నెగ్గుతుంది. రూపం కట్టాక ఫలితంగా వచ్చే గ్లిఫుల (అక్షర రూపాల) పట్టికదీ ఇదే తీరు. అది బఫరు సొత్తు. పిలిచినవారు దాన్ని విడుదల చేయకూడదు, బఫరు మారాక వాడకూడదు. హెడరులో కనిపించేది ఒక పాయింటరు టైపే.

డాక్యుమెంటేషన్ చదివితే తెలియదా అనవచ్చు. ఏ పాయింటరుకు ఏ పొడవు జతో హార్ఫ్‌బజ్ రచయితలు బైండింగుల తయారీకి వాడే జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్‌కు అర్థమయ్యే వ్యాఖ్యలుగా రాశారు కూడా. కానీ అవి ఉన్నది అమలు కోడు ఫైళ్లలో. హెడరుతోనే ఆగిపోయే పరికరం వాటిని చూడదు. పొడవు బదులు -1 ఇవ్వొచ్చుగా అన్నది మరో అభ్యంతరం. సున్నా బైటుతో ముగిసే పాఠానికే అది చెల్లుతుంది. రస్ట్ స్ట్రింగులు అలా ముగియవు. అలాగని మొత్తం చేత్తోనే రాద్దామంటే, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ బైండింగు వెనకబడుతుంది. టైపుల కొలతలు కంపైలరుకు వదిలి, యాజమాన్యం, పొడవు, చెల్లుబాటు కాలం మనిషి రాసే వివరణ ఫైలులో పెట్టడమే సబబు. స్విగ్‌లో టైప్‌మ్యాపుల పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంది కూడా. బైండింగులు రాసేవారు రోమన్ పదాల పరీక్షతో సరిపెట్టుకోకుండా రాజమహేంద్రవరం, ద్రాక్షారామం, కొవ్వూరు వంటి పేర్లను పరీక్షల్లో చేర్చాలి.