తాళం పడిన సైన్స్ పెట్టె

పోస్టు కొంచెం పెద్దగుంది. హాస్టల్‌ల కూసొని రెండు రాత్రులు రాసినం, ఓపికతో చదవండి.

ఉగాది సెలవులకు ఇంటికి పోయినప్పుడు మేము నలుగురం మా గూడెం ప్రాథమిక బడిల వారం రోజులు పాఠాలు చెప్పినం. మొదటిరోజే దెబ్బ తిన్నం. "ఏరు దగ్గరికి పోయి నీళ్లు తెచ్చిండు" అని మేము చదవంగనే ఒక పాప కిలకిలా నవ్వింది. నీళ్ల కాడికి పోయి నీళ్లు తెచ్చుడేంది అని. గోండిల ఏర్ అంటే నీళ్లే కదా! మేం కూడ చిన్నప్పుడు ఇట్లనే తికమకపడ్డం. కాకపోతే మాకు నవ్వే ధైర్యం లేకుండె.

ఆ బడిల మూలకు ఒక పెట్టె ఉంది, దానికి తాళం. చెవి ఎక్కడుందో ఎవరికీ తెల్వదు. అది సైన్స్ కిట్టని సార్ చెప్పిండు. చిన్నపిల్లలకు సైన్స్ చెప్పాలనే ఆలోచన మన బడుల దాకా ఎట్ల వచ్చింది, వచ్చి పెట్టెలనే ఎందుకు ఆగింది అని అప్పుడు తవ్వుడు మొదలుపెట్టినం.

1964లో వేసిన కొఠారి కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. సైన్స్, లెక్కలు పదేళ్ల చదువులో అందరికీ తప్పనిసరి కావాలని, చిన్న తరగతుల్లో అది పిల్లల చుట్టూ ఉన్న పరిసరాల నుంచి మొదలవ్వాలని చెప్పింది. సైన్స్ గుర్తులు అర్థం కావడానికి నాలుగో తరగతిలో రోమన్ అక్షరాలు నేర్పాలని కూడా అందులో ఉంది. తెలుగు అక్షరాలే కొత్తగా కనబడే పిల్లలు ఉంటారని మాత్రం వాళ్లకు తట్టినట్టు లేదు. 1975 పాఠ్యప్రణాళికతో ప్రాథమిక తరగతుల్లోకి 'పరిసరాల విజ్ఞానం' వచ్చింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి అన్నారు. ప్రాథమిక సైన్స్ కిట్టు ఆ సామగ్రిలోదే. సామాను ఇచ్చారు సరే, పోతే లెక్క చెప్పాల్సింది టీచరే. అందుకే తాళం పడ్డది అని మా అనుమానం.

నడిచిన కథ ఒకటి మధ్యప్రదేశ్‌లో ఉంది. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి సైన్స్ బోధన మొదలుపెట్టాయి. పిల్లలు గుంపులుగా కూర్చొని తామే ప్రయోగం చేయాలి, చూసింది రాయాలి. జవాబు పుస్తకంలో ఉండదు. 1978లో జిల్లా అంతా పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టింది. అది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. 1987లో ఏకలవ్య చిన్న తరగతులకు కూడా ప్రాశిక అనే కార్యక్రమం తెచ్చింది. అది నడిచిన చోట్లలో బేతూల్ జిల్లా షాపూర్ ఒకటి. అక్కడ ఉండేది గోండులు, కోర్కులు, అంటే మనోళ్లే. హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏండ్లు నడిచినదాన్ని ఒక ఉత్తర్వుతో ఆపొచ్చన్నమాట.

భాష సంగతి ఇంకా పాతది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. మళ్లీ 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామీ, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో, ఈసారి తెలుగు లిపిలో, పుస్తకాలు తెచ్చారు. నడుమ అరవై ఏండ్లు ఎటు పోయినయో మరి.

2000లో జీవో నంబర్ 3 వచ్చి ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దీన్ని అందరం ఉద్యోగాల గొడవగానే మాట్లాడుకుంటున్నం. మాకైతే ఇది సైన్స్ గొడవ కూడా. ఆ పాప ఎందుకు నవ్విందో తెలిసిన మనిషి తరగతిల ఉండాలె కదా.

మూడో రోజు పాఠం మార్చినం. పిల్లలు తెల్లారగట్ల ఏరుకొచ్చిన ఇప్పపువ్వును కొట్టు కాడి తరాజుల తూచి, బడి ముందట ఎండబోసినం. మళ్ల తూస్తే సగం కన్న తక్కువ తూగింది. మిగతాది ఎటుపోయిందని అడిగితే ఒకడు దొంగలు అన్నడు, ఒకామె మేకలు అన్నది. ఆ పాపనే, ఏర్ పోయింది, ఎండ తాగింది అన్నది, గోండిలనే. ఆవిరి అన్న మాట మేం ఇంకా చెప్పనే లేదు.

సార్ ఒప్పుకుంటే తాళం పగలగొట్టినం. లోపల తుప్పు పట్టిన అయస్కాంతం, కొన్ని గాజు గొట్టాలు, గీత కూడ పడని ఒక భూతద్దం. భూతద్దం ఇప్పుడు బయటనే ఉంది, చీమలను చూస్తున్నరు.

వానాకాలం మళ్ల పోతం. ఈసారి పక్కన కోలాం గూడెం పిల్లలు కూడ వస్తరు. ఆవిరి, గాలి, వేరు, విత్తనం, వీటిని కోలామీల ఏమంటరో తెలిసిన అన్నలు, అక్కలు కింద రాయండి. తప్పులుంటే దిద్దండి.